కిటికీ వైపు తిప్పుకున్న మొహం

గుండె మీద బండ అంటారు అందరూ. నాది బండ కాదు, గొంతులో చేపముల్లు. ఎన్ని అన్నం ముద్దలు మింగినా ఇన్నేళ్లలో దిగలేదు. నువ్వెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పను.

అప్పట్లో నా బిడ్డ గచ్చిబౌలిలో ఆఫీసులు ఊడ్చే పనికి పోయేది. దాని పసిపిల్లను చూసుకోవడానికి నేను రోజూ బస్సెక్కి కొత్తగూడ పోయేదాన్ని. ఆ వారం బస్సు చార్జీలు పెంచారు. నాకు ఒళ్లు మండింది. చింతగింజ కూడా పారేయని మనిషిని. అదే బస్సు, అదే దారి, ఎక్కువెందుకివ్వాలి? కండక్టరమ్మ "అవ్వా, టికెట్" అంటూ వస్తే మొహం కిటికీ వైపు తిప్పి కళ్లు మూసుకున్నాను. నిద్రపోతున్నాననుకుంది. లేపలేదు. ఇంతలో ఆఫీసు జనం తోసుకుంటూ ఎక్కితే అటు పోయింది.

కొత్తగూడ రాకముందే చెకింగ్ వాళ్లు ఎక్కారు. టికెట్ ఏదని నన్నడిగారు. అంతమందిలో జుర్మానా కట్టాలి, దొంగ అనిపించుకోవాలి. ఒకరి సొమ్ము ముట్టనని వాడంతా చెప్పుకునే నేను. నోరు దానంతటదే తెరుచుకుంది. కాదు, నేనే తెరిచాను.

"పైసలు ఇచ్చిన సారూ. ఆమెనే టికెట్ ఇయ్యలే."

కండక్టరమ్మ కోప్పడలేదు. "అవ్వా, జర యాది చేసుకో. నా చేతికి ఎప్పుడిచ్చినవ్?"

"యాది ఉంది గనకనే చెప్తున్న."

ఆ మాట అడిగి ఆమె నాకు దారి వదిలింది. ముసలిదాన్ని, మరిచిపోయిన్నంటే అయిపోయేది. ఎందుకనలేదు? భయమా? భయం కొంతే. చార్జీలు పెంచినవాళ్లు ఎక్కడుంటారో తెలియక, నా కోపమంతా చేతికందిన మనిషి మీద తీర్చుకున్నాను. నేను చెప్పింది కాగితం మీద రాసుకుని, కింద సంతకం పెట్టమన్నారు. నేను చదివింది రెండో తరగతి. ఆ చదువుతో నా పేరు గుండ్రంగా, తప్పు లేకుండా రాశాను.

పైసలు తీసుకుని టికెట్ కొట్టలేదని ఆమెను కొలువులోంచి తీసేశారట. కొన్నాళ్లకు అదే బస్సులో ఇంకో కండక్టర్ ఎవరికో చెప్తుంటే విన్నాను. విని, దిగాల్సిన చోట దిగిపోయాను.

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఊరికే. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఏ చార్జీ కోసం ఒకరి అన్నం పోగొట్టానో, ఆ చార్జీయే లేదు.

మొన్న బస్సులో ఒకామె లేచి "కూసో అవ్వా" అని సీటిచ్చింది. ఆ గొంతు వినగానే తెలిసింది. ఆ కండక్టరమ్మనే. మెడలో ఏదో ఆఫీసు హౌస్‌కీపింగ్ కార్డు. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. వంగి, మెల్లగా అడిగింది.

"టికెట్ తీసుకున్నవా అవ్వా? చెకింగొస్తే కండక్టర్ మీదికొస్తది."

పిడికిట్లో ఉన్న టికెట్ చూపించాను. చెప్పాల్సింది అప్పుడే. మళ్లీ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

నీకు చెప్పాను. ఆమెకు కాదు. ముల్లు దిగలేదు. నోరు తెరిచి, అది ఎక్కడుందో ఒకరికి చూపించాను, అంతే.