పూజపూల సంచి

తడిసిన బంతిపూల వాసన తగిలితే అందరికీ పండుగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం నాగరత్నమ్మ గారు గుర్తొస్తారు. పటమటలో నేను వార్డు శానిటేషన్ సెక్రటరీగా చేరిన కొత్తలో, కాలువ పక్క వీధిలో చెత్త బండి తోసేది ఆవిడే. నాకు డిగ్రీ ఉంది, మెడలో ఐడీ కార్డు ఉంది, తడి చెత్త, పొడి చెత్త గురించి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. పని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆ వీధివాళ్ళు చెత్తను బాగానే వేరుచేసి ఇచ్చేవారు. దేవుడికి పెట్టిన పూలను మాత్రం చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక, కవర్లో కట్టి కాలువలోకి విసిరేవారు. జరిమానా వేస్తానని బెదిరించినా నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. నాగరత్నమ్మ గారు ఉతికిన గోనెసంచి ఒకటి బండి ముందు కట్టుకుని, "పూలు ఇందులో వెయ్యండమ్మా. చెత్తలో కలవనివ్వను, పార్కులో మొక్కల మొదట్లో వేస్తా. నాదీ పూచీ" అని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పారు. రెండు నెలల్లో కాలువలో కవర్లు కనబడటం మానేశాయి. ఆ ఘనత నాదేనన్నట్టు మీటింగులో చెప్పుకున్నాను కూడా.

వరలక్ష్మీ వ్రతం మర్నాడు పూలు నాలుగు సంచులయ్యాయి. వాన వచ్చేలా ఉంది, వీధి చివర చెత్త లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. నాగరత్నమ్మ గారు పక్క సందులో ఉన్నారు. "అన్నీ కలిపి ఎక్కించెయ్యండి, ఎవరు చూస్తార్లే" అని డ్రైవరుతో అన్నాను. మేడమీద బట్టలు తీస్తున్న శారద గారు చూశారు. ఆవిడ రిటైరైన టీచరు. ఆవిడ చూస్తే వీధంతా చూసినట్టే. లారీలో పూలు పడటం చూశారు గానీ, వేయించిందెవరో ఆవిడకు తెలియదు. నాగరత్నమ్మ మాట తప్పిందని వీధంతా అనుకున్నారు. సంచి ఖాళీగా తిరిగొచ్చింది, కాలువలో మళ్ళీ కవర్లు తేలాయి. నాలుగు రోజులు నేను నోరు విప్పలేదు.

ఐదో రోజు ఆవిడే నా దగ్గరికి వచ్చారు.

"డ్రైవరు చెప్పాడు మేడమ్" అన్నారు, గొంతు పెంచకుండా.

"అర్జెంటులో అలా అయిపోయిందండీ. మీరే ఏదో సర్దిచెప్పండి."

"నేను చెప్తే సాకనుకుంటారు. ఇరవయ్యేళ్ళుగా ఈ వీధిలో నాకున్నది నా మాటొక్కటే. అది మీవల్ల పోయింది. మీరే తెచ్చివ్వాలి."

మర్నాడు పొద్దున్నే ఆవిడ బండి వెనకాలే నడిచి, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, తప్పు నాదని చెప్పాను. కొందరు తలూపారు, ఒకాయన ముఖం మీదే నవ్వాడు. శారద గారు మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని, "ఆవిణ్ణి అన్నన్ని మాటలంటుంటే వింటూ ఊరుకున్నారా?" అని అడిగారు.

"ఊరుకున్నానండీ. భయమేసింది" అన్నాను.

ఆవిడ నన్ను దాటుకుని గుమ్మం దిగారు. అన్నేళ్ళుగా "ఏమ్మా నాగరత్నం" అని పిలిచిన మనిషి బండి వైపు తిరిగి, "ఒక్క నిమిషం ఉండండి నాగరత్నమ్మ గారూ" అని లోపలికెళ్ళి, పూజగదిలోని పూలన్నీ తెచ్చి తన చేత్తోనే సంచిలో వేశారు.

నాగరత్నమ్మ గారు రిటైరై మైలవరంలో ఉంటున్నారు. ఇప్పుడు నా కింద చాలామంది పని చేస్తున్నారు. ఎక్కడైనా పొరపాటు జరిగిందంటే, దానివల్ల ఎవరి మాట పోయిందని ముందు అడుగుతాను. తర్వాత మాట పోయినవాళ్ళను వెంటబెట్టుకుని, వాళ్ళను నమ్మినవాళ్ళ గుమ్మం దగ్గరికి నేనే వెళ్తాను.