హార్మోన్ల పిలగాడు

మొన్న ఐతారం గూడూరుల ఏమైందో ఇంటే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. నాకు మాత్రం జర టైం పడ్తది.

నా రీసెర్చ్ సంగతి మీకెర్కే. పంది అండాశయాల మీద. తలకాయల ఉన్న గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఇడుస్తది. ఆ హుకుం అందితెనే అండాశయం ప్రొజెస్టిరాన్ తయారు చేస్తది. అది తగ్గితే పందికి కడుపు నిలువది. ఎంత హుకుంకు ఎంత తయారైతదో చూసుడు నా పని. మంచి సబ్జెక్టే! కానీ "పందులా?" అని రెండు సంబంధాలు తప్పిపోయినయి. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లికి కాలేజీలు బందయి ఒక ఏడు అట్లనే పాయె, ఇప్పుడు ముప్పై ఏండ్లు దగ్గరపడ్డయి. నాకు నిజంగనే భయమైతుండె.

అందుకే మా మేనమామ ముందే చెప్పిండు: "పంది మాటెత్తకు. హార్మోన్లు అను, గంతే." గదే ముక్క కార్డు మీద రాసి గూడూరుల పిల్ల తరపోళ్లకు ఏసిండు.

ఇద్దరం మానుకోటల రైలు దిగి గూడూరు బస్సెక్కినం. పిల్ల తండ్రి, పటేలు, వాకిట్లనే ఎదురొచ్చిండు. ఎనుక నలుగురు తాళాలు పట్టుకొని కూసున్నరు. నడుమ హార్మోనియం పెట్టె.

"కార్డు జూసిన బిడ్డా! హార్మోని మీద పెద్ద సదువు సదువుతున్నవంట గద! మాది భజన ఖాందాన్. జర ఒక్కటి వాయించు."

మామ దిక్కు చూసిన. మామ దూలాలు చూస్తుండు.

గది కాదు పటేలా అంటే, మరేంది అంటడు. మరేంది అంటే పంది వస్తది. కూసున్న. ఎడమ చేత్తోని తిత్తి కొట్టి, కుడి చెయ్యి మొత్తం మెట్ల మీద పెట్టిన.

తాళాలోళ్లు తాళాలు కింద పెట్టిండ్రు. తలుపు చాటున పిల్ల కిసుక్కున నవ్వింది. లోపల అర్రలకెల్లి పిల్ల నాయినమ్మ కేకేసింది: "ఎవల్రా వాకిట్ల పందిని కోస్తున్నది?"

నమ్మండ్రి, నాకు పానం లేచొచ్చింది. నా సబ్జెక్టు సమజైన మనిషి ఆ ఇంట్ల ఒక్కామె ఉన్నది! "అవ్వా, నా రీసెర్చ్ గదే!" అని మొత్తం చెప్పేసిన. పంది, అండాశయం, ప్రొజెస్టిరాన్, అన్నీ. మామ లేచి చెప్పులు తొడుక్కున్నడు.

పటేలు ముందుగాల హార్మోనియం తన దిక్కు జరుపుకొని, మెట్లు తుడిచి, మీద బట్ట కప్పిండు. లోపల పిల్ల ఇంకా నవ్వుతనే ఉన్నది.

"పిల్లకు నచ్చినట్టే ఉన్నవు, ఇస్త. సదువు ఏదైనా సదువే. పందులను ఎన్నన్న కోసుకో బిడ్డా. మా పెట్టె మీద మాత్రం సెయ్యి పెట్టనని గీ నలుగురి ముందట ఒట్టెయ్యి."

ఏసిన. లగ్నపత్రిక ఇంకా రాయలే. ఈ ఒట్టు మాత్రం కాయితం మీద రాసి, నాతోని సంతకం పెట్టించుకున్నరు.