పడగ్గదిలో ఎండిన సాల్మన్

సింగపూర్‌లో ఒక చేపల కంపెనీలో నేను నాణ్యతా విభాగం సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. రిటైర్ కావాల్సిన ఏడాది జూన్‌లో నాకో పని అప్పజెప్పారు. అలాస్కాలోని యూపిక్ జనం సాల్మన్ ఎండబెట్టే పద్ధతిని, ఎవరైనా ఇంట్లో చేసుకునేలా ఒక పేజీలో రాయాలి. అలాంటి కాగితాన్ని మేం ఎస్ఓపీ అంటాం. అది నెగ్గితే నాకు మరో ఏడాది పొడిగింపు. లేదంటే కేకు కోసి పంపిస్తారు.

పద్ధతి తేలికే. తోక దగ్గర విడిపోకుండా చేపను రెండు పలకలుగా కోసి, ఉప్పునీళ్లలో ఊరబెట్టి, గాలికి వేలాడదీస్తారు. ఆ తర్వాత పొగ కూడా పెడతారు గానీ, ఫ్లాట్‌లో పొగ పెడితే ఫైరింజన్ వస్తుందని అది మానేశాం. వాళ్లది చల్లటి పొడిగాలి. సింగపూర్‌లో మేముండే టాంపినీస్ పేటలో ఉతికిన తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. అందుకని పడగ్గదిలో ఏసీ వేసి, దండెం కట్టి చేపలు వేలాడదీశాను.

మా ఆవిడ సత్యవతిది భీమిలి. "చేపలకి ఏసీ ఏటండీ? మరి మనం ఎక్కడ పడుకోవాల?" అంది. హాల్లో పడుకున్నాం.

ఐదో రోజు మీటరుతో చూస్తే తేమ సరిగ్గా హద్దులో ఉంది. పొంగిపోయి, ఎనిమిది అంచెలుగా రాసి సంతకం పెట్టాను. నియమం ప్రకారం ముగ్గురు సహోద్యోగులు ఆ కాగితం చూసి తమ ఇళ్లలో చేయాలి. చేశారు. ముగ్గురివీ కుళ్లాయి. ఒకావిడ అత్తగారైతే వాసనకి అలిగి కూతురింటికి వెళ్లిపోయింది. మేనేజర్ మేడమ్ టాన్ నన్ను పిలిచి, ఏ అంచె రాయడం మరిచారని అడిగింది. ఒక్కటీ మరవలేదని గట్టిగా చెప్పాను.

ఇంటికొచ్చి ఆ కాగితం సత్యవతికి చదివి వినిపించాను.

"మరి నేను తుడిసిందేదండీ?" అంది.

నేను ఆఫీసుకు వెళ్లాక ఆవిడ రోజూ మూడుసార్లు గుడ్డతో చెమ్మ అద్ది, పలకలు తిరగేసి, ముడుచుకున్నచోట పుల్లలు గుచ్చి విప్పిందట. నాకెందుకు చెప్పలేదని మండిపడ్డాను.

"కూర కలిపినప్పుడల్లా మీకు సెబుతున్నానేటి?"

నా సంతకం నేనే కొట్టేసుకున్నాను. సిగ్గేసింది. కొత్త కాగితంలో అంచెలు పదమూడయ్యాయి. ఈసారి ముగ్గురివీ ఎండాయి. 'రూపొందించినవారు' అన్న గడిలో సత్యవతి పేరు రాసి, 'పర్యవేక్షణ' దగ్గర నా పేరు రాయబోతే, మీరు ఇంట్లో లేరు కదా అంది మేడమ్ టాన్.

పొడిగింపు వచ్చింది. ఆ ఏడాది ఏ ఎస్ఓపీ రాసినా, పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పక్కనే నిలబడ్డాను. కాళ్లు వాచాయి. అంతకుముందు ముప్పై ఏళ్లలో నేను సంతకాలు పెట్టినవాటిలో ఎన్నింటిని నా వెనక ఎవరు తుడిచారో నాకిప్పటికీ తెలియదు.