అట్ట కింద కోడి

మా అక్క పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఈ మాట నాది కాదు, ఆవిడదే. అదీ ఎవరూ అడక్కుండానే చెప్తుంది. చదువుకున్నన్నాళ్ళూ ఆవిడే ఫస్టు. రెండేళ్ళ తర్వాత అదే బడిలో, అవే బెంచీల మీద, ఆ మాస్టర్ల దగ్గరే నేనూ చదివాను. "నువ్వు ఆ అమ్మాయి చెల్లెలివా!" అని ఆశ్చర్యపోని మాస్టరు లేడు. ఆ ఆశ్చర్యం మెచ్చుకోలు కాదని అర్థం కావడానికి నాకు అయిదో క్లాసు దాకా పట్టింది.

ఇప్పుడు ఇద్దరం ఒకే ప్రైమరీ స్కూల్లో టీచర్లం. నాది కింద గది. మూడో క్లాసు, నలభై రెండు మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు. వాటిలో ఒకటి తిరుగుతుంది. ఆవిడది పై గది. తలుపు మీద "అసాధారణ ప్రతిభ గల బాలబాలికల ప్రత్యేక తరగతి" అని బోర్డుంటుంది. మామూలు పిల్లలు ఆ బోర్డు కూడబలుక్కుని చదివేలోపల ఇంటర్వెల్ అయిపోతుంది. అందుకని అందరూ పై గది అనే అంటారు.

పై గది మేధావుల గురించి చెప్పాలంటే ఓ పూట పడుతుంది. ఒకడు సూర్యుడు ఇంకా ఎన్ని కోట్ల ఏళ్ళు వెలుగుతాడో చెప్తాడు గానీ బూటు లేసు కట్టుకోలేడు. వాడి లేసు కట్టడానికి నా క్లాసు నుంచి ఒక పిల్ల రోజూ పైకి వెళ్ళొస్తుంది. ఇంకొకతె నలభైకి ముప్పై తొమ్మిది వచ్చాయని టేబుల్ కింద దూరి ఏడుస్తుంది. నా పిల్లలకి ముప్పై తొమ్మిదొస్తే వీధంతా ఊరేగుతారు. వీళ్ళ తల్లిదండ్రులు ఇంకో రకం. "మా వాడు ఏడో నెలలోనే మాట్లాడాడండీ" అని ఒకాయన మొదలుపెడితే మా అక్క, "తర్వాత ఎప్పుడైనా ఆపాడా?" అని అడిగింది.

ఎన్నైనా అంటాను గానీ ఆ పని ఆవిడకి వచ్చినట్టు ఇంకొకరికి రాదు. మొదటిరోజే పిల్లలందరి రబ్బర్లూ లాక్కుని ఒక డబ్బాలో వేసేస్తుంది. ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లలకి తప్పంటే ప్రాణం పోయినంత భయం, కాగితం చిరిగేదాకా చెరుపుతారు. "చెరపొద్దు, ఒక్క గీత కొట్టండి. మీ తప్పు మీకు కనిపించాలి" అంటుంది. టేబుల్ కింద దూరి ఏడ్చే పిల్ల కోసం తనూ టేబుల్ కిందికి దూరుతుంది. ఆ వయసులో ఆ నడుంతో అరగంట అక్కడే కూచుని, ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో పిల్ల నవ్వుతూ చెప్పేదాకా బయటికి రాదు. తర్వాత ఆవిణ్ణి లేపడానికి నన్ను పిలుస్తారు.

ఆ గదికి పిల్లల్ని ఎంచేదీ ఆవిడే. ఏటా మూడో క్లాసుకి ఒక పరీక్ష ఉంటుంది. నలభై ప్రశ్నలు, నలభై గళ్ళు. గడిలో ఒక్క అక్షరం పెట్టాలి. ముప్పై ఆరు వస్తే పై గది, రాకపోతే నా గది. దిద్దడానికి మా అక్క దగ్గర ఒక అట్ట ఉంది. చెప్పుల పెట్టె మూత. దానికి బ్లేడుతో నలభై కిటికీలు కోసి, ఒక్కో కిటికీ పక్కన సరైన అక్షరం రాసుకుంది. అట్ట పేపరు మీద పెడితే గళ్ళు తప్ప ఇంకేం కనిపించవు. నిమిషానికో పేపరు దిద్ది అవతల పడేస్తుంది. ఆ జవాబుల కీ అట్ట ఎప్పుడూ చంకలో పెట్టుకు తిరుగుతుందని స్టాఫ్ రూములో ఆవిడకి తాళంచెవి అని పేరు పెట్టారు. పెట్టింది నేనే.

ఇక మిరపగింజ సంగతి. నా క్లాసులో రెండో బెంచీ చివర కూచునే పిల్ల. పిడికెడంత ఉంటుంది. వాళ్ళమ్మతో సహా అందరూ దాన్ని మిరపగింజ అనే పిలుస్తారు. వాళ్ళమ్మ బడి వెనక సందులో బట్టలు కుడుతుంది. ఈ పిల్ల నోరు తెరిస్తే ప్రశ్నే. "టీచర్, నీడకి బరువుంటుందా?" "టీచర్, చేపకి దాహమేస్తుందా?" "టీచర్, నిన్న ఎక్కడికెళ్ళింది?" హాజరు పిలిచేసరికే నా తలప్రాణం తోకకొచ్చేది. ఈసారి పరీక్షలో ఇది ఎలాగైనా పై గదికి పోవాలి, నా పీడ వదలాలి అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను.

ముప్పై అయిదు వచ్చాయి. ఒక్క మార్కు తక్కువ.

జాబితా తలుపు మీద అంటించిన రోజు పిల్ల ఏడవలేదు, అలగలేదు. వచ్చి బెంచీ మీద కూచుని చేతులు కట్టుకుంది. ఆ రోజు నుంచి ప్రశ్నల్లేవు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండు రోజులూ నాకు హాయిగానే ఉంది. మూడోరోజు ఉండబట్టలేక నేనే కదిలించాను. "ఏమే, నీడకి బరువుంటుందా లేదా?"

"నేను పై గది పిల్లని కాదు కదా టీచర్" అంది. "నాకు తెలీదు."

అలా మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం వాళ్ళమ్మ మెడలో కొలత టేపు అలాగే వేసుకుని బడికొచ్చింది.

"టీచర్ గారూ, మా పిల్ల మొద్దా?"

"అయ్యో, ఎవరన్నారమ్మా?"

"అదే అంటోందండీ. నేను మొద్దునమ్మా, ఇంక నిన్నేం అడగన్లే అంది. ఇన్నాళ్ళూ నోరు మూసుకోవే అని తిట్టేదాన్ని. ఇప్పుడు ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప ఇంకేం వినిపించట్లేదండీ. నాకు భయమేస్తోంది."

ఆవిడకి మంచినీళ్ళిచ్చి పంపాను.

ఆ మర్నాడు గురువారం. దిద్దేసిన పరీక్ష పేపర్లు ఏటా నా గదికే వస్తాయి. వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, పిల్లలు బొమ్మలు గీసుకోడానికి పనికొస్తాయి. కట్ట విప్పి పంచుతుంటే పైనున్నది మిరపగింజ పేపరు. తిరగేసి చూశాను. ఇరవై మూడో ప్రశ్నలో నాలుగు బొమ్మలున్నాయి. ఆవు, పిల్లి, కోడి, కుర్చీ. వీటిలో వేరైనది ఏది? కుర్చీ అని చెప్పాలి, ప్రాణం లేదు కాబట్టి. పిల్ల కోడి అక్షరం పెట్టింది. దాని మీద ఎర్ర ఇంటూ. ఆ ఇంటూ పక్కన, అంచు మీద, చీమ తలకాయంత అక్షరాలతో పెన్సిల్ రాత. "మిగతా మూడింటికీ నాలుగేసి కాళ్ళు. కోడికి రెండే."

అట్ట పెడితే ఆ అంచు కనిపించదు. మేధావుల్ని పసిగట్టడంలో పేరు మోసిన మా అక్క పప్పులో కాలేసింది.

సాయంత్రం తిన్నగా అక్కా వాళ్ళింటికే వెళ్ళాను. అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. పేపరు పొయ్యి గట్టు మీద పెట్టాను.

"ఇరవై మూడు. కుర్చీ రావాలి, కోడి పెట్టింది, తప్పు" అంది చూడగానే.

"అంచు మీద చదువు."

చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడ ఏదైనా రెండోసారి చదవడం నేను చూడటం అదే మొదలు.

"గడి బయట రాసింది దిద్దకూడదే. రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళని చూశాను గానీ, కోడికి కూడా నాలుగు కాళ్ళుండాలని పట్టుబట్టేవాళ్ళని మా ఇంట్లోనే చూశాను. ఆ మాటే పైకనేశాను. అక్క ముఖం గంటు పెట్టుకుంది. అంతలో మా బావ డ్యూటీ దిగి వచ్చాడు. బస్సు డ్రైవరు. టీ కోసం వంటింట్లోకొస్తే, అంచు మీద వేలు అడ్డం పెట్టి పేపరు చూపించాను.

"బావా, వీటిలో వేరేది ఏది?"

"కోడి" అన్నాడు, ఆలోచించకుండా.

"ఎందుకు?"

"కోడైతే సంచిలో పెట్టుకుని ఊరికే ఎక్కేస్తారు. మిగతా మూడింటికీ లగేజీ టికెట్టు కొట్టాల్సిందే."

"పిల్లిని కూడా సంచిలో పెట్టుకోవచ్చుగా?"

"పెట్టి చూడు మరదలా, తెలుస్తుంది."

నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. "పిల్లల రబ్బర్లు లాక్కుని, తప్పు కనపడాలర్రా అని నీతులు చెప్తావు. నీ తప్పు మాత్రం అట్ట కింద దాచుకుంటావు. అక్కడ పిల్ల నోరు మూగబోయింది. జాబితా శనివారం పెద్దాఫీసుకి పోతుంది, ఆ తర్వాత ఏడాది దాకా మారదు. దాని తల్లికి ఏం చెప్పమంటావు?"

అక్క గిన్నె కింద పెట్టింది. గోడవైపు తిరిగే మాట్లాడింది.

"ఇదొక్కతే అయితే రేపే వెళ్ళి చెప్పేదాన్నే. పందొమ్మిదేళ్ళ నుంచి అదే అట్ట. అంచు మీద ఇంకెంతమంది ఏం రాశారో."

"పాత పేపర్లు తీసి చూద్దాం."

"ఎక్కడున్నాయే? నీకే ఇచ్చాను కదా, చిత్తుకాగితాలకి."

పందొమ్మిదేళ్ళుగా వాటి వెనక పడవలు, ఇళ్ళు, పిచ్చుకలు గీయించి, అరిగిపోయాక చెత్తబుట్టలో వేసింది నేనే. ఒక్కసారైనా తిరగేసి చదివుంటే నా సొమ్మేం పోయేది? అక్క మీద అరవడానికి నాకేం హక్కుందనిపించింది. బావ టీ గ్లాసు పట్టుకుని మెల్లగా అవతలికి జారుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే అక్క హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. కిటికీ పక్కన నుంచుని నేను విన్నాను. సిగ్గేం లేదు, వినడానికే నుంచున్నాను.

"మేడం, కొరివితో తల గోక్కోకండి" అంటున్నాడాయన. "ఇదొకటి ఒప్పుకున్నామంటే, సోమవారం గేటు ముందు తల్లిదండ్రులంతా వచ్చి నిలబడతారు. మా పిల్ల అంచు మీద ఏం రాసిందో చూపించమంటారు."

"చూపిద్దాం సార్" అంది అక్క. అని, ఆయన ఇంకేదో అనేలోపలే బయటికొచ్చి తిన్నగా నా క్లాసులోకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

నలభై రెండు మంది లేచి నిలబడ్డారు. పై గది మేడం కింద గదికి రావడం వాళ్ళెప్పుడూ చూడలేదు. అక్క బోర్డు దగ్గర నుంచుంది. చేతిలో మిరపగింజ పేపరు ఉంది. చిన్నప్పట్నుంచీ ఎన్నో వేదికల మీద గడగడా మాట్లాడిన మనిషి గొంతు రెండుసార్లు సవరించుకుంది.

"మిరపగింజా, నీ ఇరవై మూడో ప్రశ్న నేను తప్పు దిద్దాను. నువ్వు రాసింది సరైనదే. నేను చూడలేదు. తప్పు నాది."

టీచర్లు అలా అంటారని పిల్లలకి తెలీదు. నాకూ తెలీదు.

పిల్ల లేచింది. "అయితే నాకు ముప్పై ఆరా టీచర్?"

"ముప్పై ఆరు."

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. పక్క పిల్ల వైపు ఓసారి చూసింది. తర్వాత అంది, "అయితే పదకొండోది తీసెయ్యండి టీచర్. అది దీని పేపర్లో చూసి రాశాను."

పక్క పిల్ల నోరు తెరిచింది. "అది నేను ఊరికే పెట్టానే!"

క్లాసంతా గొల్లుమంది. నాకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. చేతికందింది నోటికందకుండా పోయింది, అదీ పిల్ల తన చేత్తో తనే తోసేసుకుంది. అక్క పేపరు బల్ల మీద పెట్టి, పదకొండో ప్రశ్న మీద గీత కొట్టి, మార్కులు మళ్ళీ మొదట్నుంచీ కూడింది. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఒక్క మార్కు తక్కువని హెడ్మాస్టరు మేనల్లుణ్ణే వెనక్కి పంపిన మనిషి.

"ముప్పై అయిదు" అంది.

పిల్ల తలూపింది. కూచుని మళ్ళీ చేతులు కట్టుకుంది.

"కూచున్నావేం? లే. సంచీ తీసుకో."

"ముప్పై ఆరు ఉండాలి కదా టీచర్?"

"ఉండాలి. నీకు లేవు. పద."

మిరపగింజ నావైపు చూసింది. వెళ్ళవే అన్నట్టు చెయ్యి ఊపాను. అప్పటికే నాకు ఏడుపొచ్చేసింది. పిల్ల సంచీ భుజాన వేసుకుని అక్క వెనకాల బయల్దేరింది. పిల్లలు నోట్లో వేళ్ళు పెట్టుకుని చూస్తున్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళి నుంచున్నాను. ఇద్దరూ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాలుగో మెట్టో అయిదో మెట్టో ఎక్కి ఉంటారు.

"టీచర్" అంది మిరపగింజ. "కుర్చీని చెట్టుతోనే చేస్తారు కదా. చెట్టుకి ప్రాణం ఉంటుంది కదా. మరి కుర్చీ చచ్చిపోయిందా, లేకపోతే అసలు పుట్టనే లేదా?"

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయింది. కింద గుమ్మంలో నాకు ప్రాణం లేచొచ్చింది.