ఉత్తుత్తి అమ్మ

యాభై మూడేళ్ళ వయసులో ఆమె ఐదేళ్ళ పిల్లాడికి తల్లి. అదీ వారానికి రెండు రోజులే, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా. పిల్లాడెక్కడని అడిగితే "బయట వాళ్ళ నాన్న దగ్గరున్నాడండీ" అంటుంది. మిగతా రోజుల్లో ఆమె కుట్టుపని చేసుకునే మనిషి. పిల్లల ఎలర్జీలను ఎలా గుర్తించాలో డాక్టర్లకు నేర్పే శిక్షణ కేంద్రంలో మాత్రం అందరికీ ఆమె ఉత్తుత్తి అమ్మ.

పని చూడ్డానికి తేలికే. పిల్లాడి కథంతా రాసి ఒక కార్డు ఇస్తారు. నేర్చుకునే డాక్టర్లు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి ఆమెను ప్రశ్నలడుగుతారు. అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిది తల తీసినా చెప్పకూడదు. వాగుడుకాయకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. అయినా ఆమెకు ఆ కుర్చీ అంటే ఇష్టం. ఎవరు అసలు సంగతి పట్టుకుంటారో, వాళ్ళు గుమ్మంలో ఉండగానే తనలో తనే పందెం వేసుకునేది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చునేవాళ్ళు పట్టుకుంటారు, నిలబడి రాసుకునేవాళ్ళు పట్టుకోరు. చాలాసార్లు ఆమే గెలిచేది.

ఈ ఏడు కొత్త కార్డు వచ్చింది. పిల్లాడి మోచేతుల మడతల్లో దురద, దద్దుర్లు. రక్తపరీక్షలో గుడ్డుకి ఎలర్జీ అని వచ్చింది, గుడ్డు మాన్పించారు. కింద ఎర్ర సిరాతో ఇలా ఉంది: "పరీక్షకు ముందు గుడ్డు తినేవాడా, తింటే ఏమయ్యేది అని అడిగితే 'తినేవాడు, ఏమీ అయ్యేది కాదు' అని చెప్పాలి. అడగకపోతే చెప్పవద్దు." పద్నాలుగు మంది వచ్చారు. అడిగింది ఇద్దరు.

టీ తాగేటప్పుడు ఆమె ఉండబట్టలేక, శిక్షణ ఇచ్చే పెద్ద డాక్టరమ్మను అడిగింది.

"ఆ ఒక్క ప్రశ్నకీ అన్ని మార్కులెందుకు మేడమ్?"

"రక్తపరీక్ష కాపలా కుక్కలాంటిదమ్మా. మొరుగుతుంది. వచ్చింది దొంగో చుట్టమో చెప్పలేదు. అది చెప్పాల్సింది బిడ్డ తిన్నప్పుడు పక్కనున్న మనిషి."

"ఆ మనిషి చెప్పకపోతే?"

"బిడ్డ ఏళ్ళ తరబడి ఊరికే మానేస్తుంది. పైగా అలా మాన్పిస్తే, అంతవరకు బాగా పడ్డది కూడా నిజంగానే పడకుండా పోవచ్చు."

ఆమె టీ అలాగే చల్లారిపోయింది.

ఆమె మనవరాలికి ఐదేళ్ళు. దానికీ మోచేతుల్లో దద్దుర్లే. నాలుగేళ్ళ కిందట రక్తపరీక్షలో గుడ్డు, వేరుశనగ రెండూ పడవని వచ్చింది. అప్పటినుంచి ఆమె కూతురు ప్రతి పొట్లం మీదా సన్నక్షరాలు చదవనిదే ఇంట్లోకి రానివ్వదు. బడిలో పాపది వేరే బల్ల.

ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పాపకు పది నెలలప్పుడు, కూతురు ఉద్యోగానికి వెళ్ళాక, అమ్మమ్మ రోజూ ఉడకబెట్టిన గుడ్డులో సగం పెట్టేది. కూతురు ఏదైనా పుస్తకంలో చూస్తే గానీ పెట్టదు. ఆమెతో వాదన ఎందుకని చెప్పలేదు. తరవాత ఆ రిపోర్టు వచ్చింది. దద్దుర్లకు కారణం తన చెయ్యేనని అమ్మమ్మ గుండెలో రాయి పడింది. ఆ మాట కడుపులోనే దాచుకుంది.

"మళ్ళీ ఒకసారి చూపిద్దామే" అని కూతుర్ని ఒప్పించి, పాపను కేంద్రం పక్కనున్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. వేరుశనగ గురించి అడిగాడు. కిందటేడు ఎవరిదో పల్లీల బిస్కెట్ కొరికితే నిమిషాల్లో పెదవి వాచిందనీ, వాంతి అయిందనీ కూతురు చెప్పింది.

"గుడ్డు ఎప్పుడైనా పెట్టారా?"

"ఎప్పుడూ లేదండీ" అంది కూతురు.

ప్రశ్న సరిగ్గానే పడింది, వేరే మనిషికి పడింది. అమ్మమ్మ నోరు కుట్టేసుకుని కూర్చుంది. నన్ను అడగలేదు కదా అనుకుంది. అలవాటు అని సరిపెట్టుకుంది కూడా. లిఫ్టు దాకా వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. అలవాటు కాదు, భయం. వెనక్కి తిరిగి గబగబా వెళ్ళి తలుపు కొట్టింది.

"డాక్టరుగారూ, నేను పెట్టాను. నాలుగు నెలలు, రోజూ. వాళ్ళమ్మకి తెలీదు."

"తింటే ఏమైనా అయ్యేదా?"

"ఏమీ అయ్యేది కాదు." శిక్షణ గదిలో కూర్చుని తడబడకుండా చెప్పిన ఆ మాటనే ఇప్పుడు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇంట్లో మాత్రం పెట్టి చూడకండి" అన్నాడు డాక్టరు. "నాలుగేళ్ళు మానేసింది కదా, ఇప్పుడు పడుతుందో లేదో చెప్పలేం. మందులు దగ్గరుంచుకుని ఇక్కడే చూద్దాం."

బస్సులో కూతురు "నాలుగేళ్ళమ్మా" అంది. తరవాత రెండు వారాలు మాట్లాడలేదు.

అనుకున్న రోజున నర్సు ఉడికిన గుడ్డులోంచి గోరంత ముక్క పెట్టింది. ఇరవై నిమిషాలాగి పెదవులు, ఒళ్ళు చూసి, స్టెతస్కోపుతో ఊపిరి విని, ఇంకొంచెం పెద్ద ముక్క పెట్టింది. "లోపల పసుపు ఎవరు వేశారు?" అని పాప నర్సును ఆరా తీసింది. అమ్మమ్మకు మాత్రం ఒకటే గుబులు. తాను దాచిన నాలుగేళ్ళలో ఆ గుడ్డు నిజంగానే విషమైపోయి ఉంటే?

గుడ్డంతా అయింది. ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఒక్క దద్దురు కూడా రాలేదు. వేరుశనగ జోలికి మాత్రం పోవద్దనీ, గుడ్డు ఇక ధైర్యంగా పెట్టమనీ చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

కూతురు వంగి పాపకు చెప్పులు తొడిగింది. తల తిప్పకుండానే అడిగింది.

"అప్పుడు ఇష్టంగా తినేదా?"

"పచ్చసొన అంతా ముందు తినేసేది. తెల్లది సగం తిని, సగం నా నోట్లో పెట్టేది" అంటూనే అమ్మమ్మ భోరుమంది.

"నాకవన్నీ తెలీవు" అంది కూతురు. "ఇంకా చెప్పు."