యాకమ్మకు అందని తాడు

కాశిబుగ్గలో యాకమ్మ నలభై ఏళ్లుగా గుంట మగ్గం మీద జంపఖానాలు నేస్తోంది. ఈమధ్య అడ్డపోగు మోసే నాడెను లాగే తాడు ఆమె చేతికి అందడం మానేసింది. ఆ తాడు వేలాడే మగ్గం పైకర్ర కొత్తగా మార్చింది వడ్రంగి పండరి కాబట్టి తప్పు పండరిదే అని వాడకట్టంతా చాటింది.

పండరి పాత కర్ర, టేపు పట్టుకొచ్చి కొలిచి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మగ్గం గట్లనే ఉన్నదక్కా. నువ్వే పొట్టిగైనవ్."

ఆ మాటకు యాకమ్మ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. ఎవరూ చూడకుండా కింద గోనెసంచులు మడిచి వేసుకుని నేసింది. ఒకరోజు అవి జారాయి. గుంటలో చతికిలబడి లేవలేకపోతే, కోడలు సింధు పరుగున పోయి పిలుచుకొచ్చింది ఎవరిననుకున్నారు? పండరినే.

హనుమకొండలో డాక్టర్ హారిక ఎక్స్‌రే చూసింది. వెన్నుపూసలు రెండు కుంగాయి, ఒకటి ఎప్పుడో పాతది. ఎముకలు గుల్లబారి, మనిషి ఎత్తు తగ్గింది.

"ఇగ మగ్గం బంద్ చెయ్యి అత్తమ్మా," అంది సింధు. యాకమ్మ మొహం వాడిపోయింది.

ఇవ్వబోయే మందు గుండెజబ్బున్నవాళ్లకు పడదు కాబట్టి, అదేమీ లేదని తేల్చుకున్నాక డాక్టర్ చెప్పింది. "ఎముకల్లో స్క్లిరోస్టిన్ అని ఒక ప్రొటీన్ ఉంటదమ్మా. కొత్త ఎముక కట్టే కణాలకు 'ఇక చాలు' అని చెప్తది. నెలనెలా ఇంజెక్షన్‌తో దాని నోరు మూయిద్దాం. ఏడాది చూద్దాం."

"చాలు, ఆపు అని చెప్పెటందుకు ఇంట్ల ఈమె ఒక్కతె సాలదా బిడ్డా? బొక్కల్ల గూడ ఒకటి కూసున్నదా?"

సింధు తల తిప్పుకుని నవ్వింది.

"పుట్టుకతోనే ఆ ప్రొటీన్ జన్యువు పనిచెయ్యని మనుషులున్నారు. వాళ్ల ఎముకలు ఎంత గట్టిగున్నయో చూసినంకనే ఈ మందు ఆలోచన వచ్చింది."

"అయితే నాకు గూడ ఆ జన్యువే తీసెయ్యి. పీడ వోతది."

"పూర్తిగ లేకుంటే తలలో ఎముక మందమై చెవులు వినబడవు. మనకు ఇంజెక్షనే మేలు."

యాకమ్మ ఒక్క నెల కూడా తప్పించలేదు. మూడో ఇంజెక్షన్ తర్వాత పండరిని పిలిచి, క్షమాపణ మాట ఎత్తకుండా చాయ్ పోసి, తాడు జర కిందికి కట్టమంది. అతను చాయ్ తాగి కట్టిపోయాడు.

పన్నెండు ఇంజెక్షన్లు అయ్యాక మళ్లీ స్కానింగ్ తీశారు. ఎముక బలపడింది. పోయిన ఎత్తు మాత్రం తిరిగి రాదని, వచ్చిన బలం నిలవడానికి వేరే మందు మొదలుపెట్టాలని డాక్టర్ చెప్పింది.

"మరి మగ్గం?"

"బరువులు ఎత్తొద్దు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట."

యాకమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "గంటంటే, తెగిన పోగులు ముడేసే టైం గూడ అందులనేనా బిడ్డా?"

డాక్టర్ సింధు వైపు చూసింది. సింధు నిట్టూర్చి, "అది లెక్కల పట్టకుండ్రి మేడం," అంది.