ఒక్క కమాండ్ బావగారు

కాటాల లైబ్రరీని రాసింది ఆయనేనని బంధువులు అంటారు. రాసినవారు వేరే. ఆఫీసు పనితీరునే మార్చేశారని సహోద్యోగులు అంటారు. అక్కడ మారింది ఆయన కుర్చీ ఒక్కటే. పసిపిల్లవాడైనా ఆ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసుకోగలడని ఆయనే అంటారు. ఇందులో కొంత నిజముంది. అందుకే ఆ మాటను విచారించక తప్పదు.

ప్రోగ్రామర్లు తమ పనిలో కలుపుకొనేందుకు సిద్ధంగా ఉంచిన కోడ్‌ను లైబ్రరీ అంటారు. ఎలక్ట్రానిక్ కాటా చూపించే బరువును కంప్యూటర్‌లోకి తేవడం ఈ లైబ్రరీ పని. పూర్వం దాన్ని ముక్కలు ముక్కలుగా దించుకొని, ఒక్కోదాన్నీ దాని చోట అమర్చుకోవలసి వచ్చేది. బావగారు అన్నిటినీ ఒక ప్యాకేజీగా కట్టి, ఒక్క కమాండ్ కొడితే వచ్చేలా చేశారు. బావగారు అన్నది ఆయన బావమరిది పిలుపు, ఆఫీసుకూ అంటుకుంది. ప్యాకేజీ లోపలే సహాయం పేజీలు కూడా పెట్టారు. మొదటి పేజీలో ఆయన ఫోటో. తరువాతి పేజీలో ఆ ఫోటో తీసినవారికి కృతజ్ఞతలు. 'బరువు చదువు' అనే ఫంక్షన్‌కు, అంటే ఆ పని చేసే కోడ్ ముక్కకు, వివరణ: “ఇది బరువును చదువుతుంది.”

బావమరిది ఉద్యోగం మానుకొని కాటాలు బాగుచేసే దుకాణం పెట్టాడు. మిల్లులో ఒక కాటాను కంప్యూటర్‌కు కలిపి చూపిస్తే అక్కడి కాటాలన్నీ బాగుచేసే పని ఏడాది పొడవునా నీకే అప్పగిస్తానని ఒక పిండిమిల్లు యజమాని మాటిచ్చాడు. ఆ పని దక్కితే దుకాణం నిలబడుతుంది, లేకుంటే మూతపడుతుంది. లైబ్రరీని ముందుగా బావగారి ఆఫీసులో నడిపి చూశాడు, చక్కగా నడిచింది. ఒక సెలవురోజున మిల్లుకు వెళ్లి అదే కమాండ్ కొట్టాడు. ఇన్‌స్టాల్ విజయవంతమని వచ్చింది. కాటా మీద బస్తా పెట్టారు. తెర మీద బరువుకు బదులు, ఒక ఫైలు దొరకలేదంటూ ఎర్రని అక్షరాల వరుస. ఆ ఫైలు ఉండవలసిన చోటుగా చూపించింది బావగారి సొంత ఫోల్డర్‌ను.

అక్కడినుంచే ఫోన్ చేశాడు.

“బావా, ఎక్కింది గానీ నడవట్లేదు.”

“ఒక్క కమాండ్‌తో ఎక్కిందా లేదా?”

“ఎక్కింది.”

“మరింకేంట్రా! నా పని అయిపోయింది.”

“అది నీ ఫోల్డర్‌లో ఫైలు వెతుకుతోంది. పిండిమిల్లులోకి నీ ఫోల్డర్ ఎక్కణ్ణుంచి వస్తుంది బావా?”

“ఆఫీసులో అందరికీ నడుస్తోందిగా. నీ కంప్యూటర్‌లోనే ఏదో తేడా. సహాయం పేజీ చూశావా?”

“చూశాను. బరువును చదువుతుందట. నీ ఫోటో మాత్రం బాగా పడింది.”

పక్కనున్న మిల్లు యజమాని చేతుల పిండి దులుపుకుంటూ అందుకున్నాడు. “ఆయన్నే తీసుకొచ్చి కాటా మీద నిలబెట్టవయ్యా. ఫైలు జేబులో ఉందేమో!”

ఆఫీసులో నడవడానికి కారణం చిన్నదే. అక్కడి కంప్యూటర్లన్నీ బావగారి కంప్యూటర్‌కు నకళ్లు. కాటాల అమరికలుండే ఆ ఫైలు ప్రతిదానిలోనూ అదే చోట ముందే ఉంది. దాన్ని ప్యాకేజీలో చేర్చడం ఆయన మరిచారు; ఆఫీసులో ఎంత పరీక్షించినా ఆ లోటు బయటపడదు. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దానికి ఆయన్ను తప్పుపట్టడం న్యాయం కాదు.

తరువాత జరిగినది వేరు. దాన్ని చెప్పింది ఆయన భార్యే, ఆయనా కాదనలేదు. ఫోన్ పెట్టేసి ఆయన తన ఫోల్డర్ తెరిచారు. ఫైలు కనబడింది, సంగతి బోధపడింది.

“పంపించెయ్యండి, తమ్ముడు అక్కడ నిలబడున్నాడు,” అంది భార్య.

“ఇప్పుడు పంపితే ప్యాకేజీలో లేదని ఒప్పుకున్నట్టవదూ?”

“లేదుగా మరి! ప్రయాణానికి మీరు సర్దినా ఇంతే. పెట్టెకి పెద్ద తాళం, లోపల తువ్వాలుండదు.”

“కొత్త వెర్షన్‌లో పెడతాలే, వచ్చే వారం.”

మిల్లు యజమాని సాయంత్రం దాకా ఆగి, పనిని మరొకరికి అప్పగించాడు. దుకాణం షట్టరు దిగింది. బావమరిది ఇప్పుడు వేరొకరి దగ్గర జీతానికి కాటాలు బాగుచేస్తున్నాడు. మరుసటి వారం కొత్త వెర్షన్ వచ్చింది, ఫైలుతో సహా. మార్పుల పేజీలో ఉన్నది ఒకే వాక్యం: “ఇన్‌స్టాలేషన్ మరింత సులభతరం చేయబడింది.” ఫోటో కూడా మార్చారు.

ఇతరులు రాసిన కోడ్‌ను ఆయన ఒక్క కమాండ్‌తో వచ్చేలా కట్టారు. అది పనికొచ్చే పనే. దాన్ని నడిపించే ఫైలు తన దగ్గరే ఉందని తెలిసి, సొంత బావమరిది దానికోసం మిల్లులో ఎదురుచూస్తున్నాడనీ తెలిసి, పంపకుండా కూర్చున్నారు. ఆయన చేసింది ఇంతే.